స్వింగ్ బ్యాండ్ లైవ్ రికార్డింగులు: హాల్లో విన్నది ఇంట్లో ఎంత మిగులుతుంది?

కృష్ణాతీరం
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. రెండేళ్లుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు.

మొన్న వేసవిలో న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లాను. ఒక సోమవారం రాత్రి న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్‌కి తీసుకెళ్లాడు. నిటారు మెట్లు దిగితే కింద చిన్న గది, నూట ఇరవై మంది కూర్చుంటే నిండిపోతుంది. అక్కడ సోమవారాలు పెద్ద బ్యాండ్ వాయించడం 1966లో మొదలైందట. పదహారు మంది ఒకరి మోచేయి ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చున్నారు. నా కుర్చీ సాక్సోఫోన్ల వరస పక్కనే.

ట్రంపెట్లు, ట్రాంబోన్లు అన్నీ ఒక్కసారి లేచినప్పుడు నాకేమైందో ఎలా చెప్పాలో తెలియడం లేదు. చిన్నప్పుడు మా వీధిలోకి పెళ్లి బ్యాండు వస్తే, ట్రంపెట్ నోరు మన వైపు తిరిగిన క్షణంలో ఛాతీ అదిరేది కదా, అది గుర్తొచ్చింది. అరవై నాలుగేళ్ల వయసులో కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఇంటికొచ్చాక క్లారినెట్ వాయించే బెన్నీ గుడ్‌మన్ తన బ్యాండ్‌తో 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో చేసిన కచేరీ రికార్డింగ్ పెట్టుకున్నాను. స్వింగ్ అంటే 1930లలో పెద్ద బ్యాండ్లు వాయించిన డాన్స్ జాజ్; లైవ్ స్వింగ్ అంటే ముందు దాని పేరే చెప్తారు. నాకేమో పక్క వీధిలో కచేరీ జరుగుతుంటే కిటికీలోంచి విన్నట్టుంది. లోపం రికార్డింగ్‌లోనా, నా స్పీకర్లలోనా, లేక లైవ్ రికార్డింగ్ అంటే ఇంతేనా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లరికార్డు
శనివారం, రాత్రి 10:05

స్వాగతం కృష్ణాతీరం గారూ. ఆ రికార్డింగ్ పుట్టిన తీరు తెలిస్తే మీకు కొంత ఊరట కలుగుతుంది.

1938 జనవరి 16 రాత్రి వేదిక పైన ఒక్క మైకు వేలాడదీశారు. దాన్నుంచి వచ్చే శబ్దం తీగ మీద స్టూడియోకి వెళ్తే, అక్కడ డిస్కుల మీద గాడులుగా కోశారు. అమ్మడం కోసం చేసింది కాదు. ఆల్బర్ట్ మార్క్స్ అనే ఆయన తన భార్యకి కానుకగా చేయించారు. ఆవిడ అంతకుముందు గుడ్‌మన్ బ్యాండ్‌లో పాడిన హెలెన్ వార్డ్. గుడ్‌మన్ దగ్గరున్న ప్రతి చాలా ఏళ్లు ఇంట్లో అలమరలోనే పడి ఉండి, 1950లో కొలంబియా రికార్డు కంపెనీ ద్వారా ఎల్‌పీలుగా (ఎక్కువసేపు మోగే రికార్డులుగా) వచ్చింది. అప్పుడు రెండు పాటలు వదిలేశారు, జామ్ సెషన్‌ని (అప్పటికప్పుడు కలిసి వాయించిన భాగాన్ని) కొంత కత్తిరించారు. 1999లో ఫిల్ షాప్ మళ్లీ తయారుచేసినప్పుడు వదిలేసినవి కలిపి, డిస్కుల గరగరను తుడవకుండా ఉంచేశారు. చాలామందికి అది నచ్చలేదు. నాకు మాత్రం ఆ గరగర వెనకాలే హాలు వినిపిస్తుంది. రొద తుడిచిన వెర్షన్లలో రొదతో పాటు హాల్లోని గాలి కూడా పోయింది. మీరు విన్నది ఏ వెర్షనో ముందు చూడండి.

ఇంకో మాట. ఈసారి మొదటి పాట వినేటప్పుడు బ్యాండ్‌ని కాసేపు పక్కన పెట్టి జనాన్ని వినండి. మొదట్లో బ్యాండ్ బిగుసుకుపోయి ఉంటుంది. శాస్త్రీయ సంగీతం హాల్లో డాన్స్ బ్యాండ్, వాళ్లకీ టెన్షనే. జీన్ క్రూపా డ్రమ్స్ మీద ఒక్క విరుపు విరుస్తాడు, హాలు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. స్టూడియో రికార్డులో ఎన్నిసార్లు వెతికినా ఆ క్షణం దొరకదు.

శబ్దశాల
ఆదివారం, ఉదయం 7:30

హైదరాబాద్‌లో సౌండ్ పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి చెప్తాను.

స్వింగ్ బ్యాండ్ బలం మెత్తదనానికీ గట్టిదనానికీ మధ్య ఉన్న దూరంలో ఉంది. ఒక నిమిషం గిటారు, బ్రష్‌లతో డ్రమ్స్ మాత్రమే. మరు నిమిషం ఏడెనిమిది ఇత్తడి వాయిద్యాలు కలిసి ఊదితే దగ్గర కూర్చున్నవాళ్ల చెవికి 100 డెసిబెల్స్ పైనే తగులుతుంది. ఆ కాలపు డిస్కు ఈ దూరాన్ని మోయలేదు. మరీ మెత్తగా ఉంటే శబ్దం గరగరలో మునిగిపోతుంది, మరీ గట్టిగా ఉంటే గాడి పక్క గాడిని తాకుతుంది. అందుకని రికార్డు చేసే మనిషి నాబ్ మీద చెయ్యి తీయకుండా, మెత్తని చోట పెంచుతూ గట్టిచోట తగ్గిస్తూ కూర్చునేవాడు. హాల్లో మీ ఛాతీని అదరగొట్టింది ఆ తేడానే. ఆయన చెయ్యి తగ్గించేసింది కూడా దాన్నే.

రేడియో నుంచి పట్టిన రికార్డింగులకైతే ఇంకో ఇబ్బంది. డాన్స్ హాలు నుంచి స్టేషన్‌కి టెలిఫోన్ కంపెనీ లైన్ మీద శబ్దం వెళ్లేది. ఆ లైన్లు చాలావాటికి పై స్వరాలు 5 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతాయి. తాళం పళ్లేల తళుకంతా దానికి పైనే ఉంటుంది.

అయినా ఆ ఒక్క మైకు పద్ధతంటే నాకు గౌరవం. తర్వాతి రోజుల్లో వరసకో మైకు, వాయిద్యానికో మైకు వచ్చాయి. ప్రతి వాయిద్యం స్పష్టంగా వినపడుతుంది, కానీ అందరూ మన ముక్కు ముందుకే వచ్చేస్తారు. ముందు సాక్సులు, వాటి వెనక ట్రాంబోన్లు, అందరికన్నా వెనక నిలబడి ట్రంపెట్లు అనే అమరిక చెదిరిపోతుంది. ఒక్క మైకులో ఆ అమరిక చెదరదు. సోలో వాయించేవాడు లేచి ముందుకి నడిచొస్తే ఆ నడక కూడా వినిపిస్తుంది.

టెనర్_తమ్ముడు
ఆదివారం, ఉదయం 11:48

అన్నా, నేను వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదువుతూ సాక్సోఫోన్ నేర్చుకుంటున్నాను. నాకైతే స్టూడియో రికార్డులే ఇష్టం. శ్రుతి బాగుంటుంది, ప్రతి గీత వినపడుతుంది, నేర్చుకోవడానికి సౌకర్యం. పియానో వాయిస్తూ బ్యాండ్ నడిపిన కౌంట్ బేసీ 1950ల స్టూడియో ఆల్బమ్‌లు వింటే బ్యాండ్ మొత్తం ఒకే ఊపిరి పీల్చినట్టు ఉంటుంది. గరగరలోంచి వినడానికి ఎందుకు ఇంత కష్టపడాలి?

నల్లరికార్డు
ఆదివారం, మధ్యాహ్నం 2:20

తమ్ముడూ, 1950ల బేసీ సంగతి నువ్వన్నది పూర్తిగా నిజం. అప్పటికి టేపు వచ్చేసింది, ఎల్‌పీ వచ్చేసింది. 1930లలో మాత్రం నిమిషానికి 78 చుట్లు తిరిగే 10 అంగుళాల డిస్కుకి ఒక వైపు 3 నిమిషాల పై కొద్దిగా, అంతే. డాన్స్ హాల్లో పది నిమిషాలు పెరిగే పాట స్టూడియోలో మూడు నిమిషాల్లో ముగిసిపోవాలి. బేసీ బ్యాండ్‌లో టెనర్ సాక్స్ వాయించిన లెస్టర్ యంగ్ లాంటివాడికి ఎనిమిది, పదహారు బార్లు (తాళపు ఆవర్తాలు) ఇచ్చి కూర్చోమనేవాళ్లు.

గుడ్‌మన్ బ్యాండ్ ‘సింగ్, సింగ్, సింగ్’ తీసుకో. 1937 స్టూడియో రికార్డు 12 అంగుళాల డిస్కుకి రెండు వైపులా పరిచినా తొమ్మిది నిమిషాల్లోపే. కార్నెగీలో 12 నిమిషాలు. ఆ అదనపు నిమిషాల్లోనే జెస్ స్టేసీ పియానో ఉంది. ముందు అనుకున్నది కాదు. అంత గోల తర్వాత గుడ్‌మన్ ఆయన వైపు తల ఊపితే, దాదాపు ఏకాంతంలో కూర్చున్నట్టు రెండు నిమిషాలు వాయించాడు. క్రూపా చప్పుడు తగ్గించుకుంటూ ఆయన వెనకే నడిచాడు. ఆ డిస్కులు లేకపోతే ఈ రెండు నిమిషాలు ప్రపంచంలో ఎక్కడా ఉండేవి కావు. నేర్చుకునేవాడివి, ముఖ్యంగా నువ్వే వినాలి.

అట్లాంటా_అక్క
ఆదివారం, రాత్రి 8:55

అందరూ కచేరీ, కచేరీ అంటున్నారు. నేను ఇక్కడ పదకొండేళ్లుగా లిండీ హాప్ అనే స్వింగ్ డాన్స్ ఆడుతున్నాను. ఒక్క విషయం గుర్తుచేయాలి. ఆ బ్యాండ్లు ఎక్కువ రాత్రులు వాయించింది కూర్చున్నవాళ్లకి కాదు, ఆడేవాళ్లకి.

న్యూయార్క్ హార్లెమ్‌లో సవాయ్ బాల్‌రూమ్ అనే డాన్స్ హాలు లెనాక్స్ అవెన్యూ మీద 140వ వీధి నుంచి 141వ వీధి దాకా ఉండేది. రెండు వేదికలు పక్కపక్కనే ఉండేవి కాబట్టి ఒక బ్యాండ్ ఆపేలోపు ఇంకోటి అందుకునేది. 1937 మే 11న అక్కడ డ్రమ్మర్ చిక్ వెబ్ బ్యాండ్, గుడ్‌మన్ బ్యాండ్ పోటీపడి వాయించాయి. వెబ్ గెలిచాడని ఆ రాత్రి ఉన్నవాళ్లంతా చెప్పారు, క్రూపా కూడా ఒప్పుకున్నాడు. మనం వినడానికి ఆ రాత్రి రికార్డింగ్ లేదు. నాకు అది ఇప్పటికీ బాధే. 1958లో ఆ హాలునే మూసేశారు.

నేలమీద వందల కాళ్లు ఒకే బీట్‌కి దిగుతుంటే డ్రమ్మర్ ఆ కాళ్లని చూసి వాయిస్తాడు. ఇది నేను రోజూ చూసేదే. ఆడేవాళ్లు అలిసిపోతే టెంపో మారుతుంది, ఊపు మీదుంటే ఇంకో చుట్టు పెరుగుతుంది. మైకు బ్యాండ్ వైపు తిరిగి ఉంటుంది, సంగీతంలో సగం బ్యాండ్‌కి ఎదురుగా ఉంటుంది.

దీనికి దగ్గరగా వచ్చిన రికార్డింగ్ ఒకటే చెప్పమంటే డ్యూక్ ఎల్లింగ్టన్ బ్యాండ్ ఫార్గో ఊళ్లో వాయించినది, 1940 నవంబర్ 7. నార్త్ డకోటాలో క్రిస్టల్ బాల్‌రూమ్, చలికాలం, మామూలు డాన్స్ రాత్రి. జాక్ టవర్స్, డిక్ బరిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు అనుమతి తీసుకుని, మోసుకెళ్లే డిస్కు యంత్రం వేదిక దగ్గర పెట్టుకున్నారు. బ్యాండ్ ఆ ఏడాది ఎలా ఉందో మీ అందరికీ తెలుసు: జిమ్మీ బ్లాంటన్ బేస్, బెన్ వెబ్‌స్టర్ టెనర్. ట్రంపెట్ వాయించే కూటీ విలియమ్స్ అప్పుడే గుడ్‌మన్ దగ్గరికి వెళ్లిపోయాడు, ఆయన చోట రే నాన్స్ కొత్తగా చేరాడు. జనం మాట్లాడుకోవడం, ఎవరో నవ్వడం, పాటకీ పాటకీ మధ్య ఎల్లింగ్టన్ పియానో మీద ఊరికే వేళ్లు ఆడించడం, అన్నీ ఉన్నాయి. నలభై ఏళ్లకి, 1980లో, దానికి గ్రామీ వచ్చింది.

కృష్ణాతీరం గారూ, నేను పాటించే పద్ధతి ఒకటి చెప్తాను. ఫార్గో పెట్టి, హాల్లో జనం గొంతులు మీ గదిలో పక్క మనిషి మాట్లాడినంత సైజుకి వచ్చేదాకా వాల్యూమ్ పెంచండి. అక్కడ ఆపి ఇక ముట్టుకోకండి. పక్కింటివాళ్లకి ముందే చెప్పండి. లేచి నిలబడి వినండి.

శబ్దశాల
ఆదివారం, రాత్రి 9:40

అక్కా, జనం గొంతులతో వాల్యూమ్ కొలవడం చాలా మంచి పద్ధతి, నాకెప్పుడూ తట్టలేదు. దానికి ఒకటి కలుపుతాను. ఇవన్నీ మోనో రికార్డింగులు, అంటే ఎడమ, కుడి అని విడివిడి శబ్దం ఉండదు. వీలుంటే ఒక స్పీకర్ తీసేసి ఒక్కదానిలోనే వినండి. హెడ్‌ఫోన్స్‌లో అయితే బ్యాండ్ మన తల మధ్యలో ఇరుక్కుంటుంది, బయటికి రాదు.

టెనర్_తమ్ముడు
సోమవారం, రాత్రి 7:15

జెస్ స్టేసీ విన్నాను. నాలుగుసార్లు విన్నాను. నల్లరికార్డు అన్నా, థాంక్స్.

కానీ ఒక అనుమానం. ఎల్లింగ్టన్ 1956లో న్యూపోర్ట్ జాజ్ పండగలో వాయించిన ఆల్బమ్ గురించి చదువుతుంటే, పాత ఎల్‌పీలో కొంత భాగం స్టూడియోలో చేసి చప్పట్లు అతికించారని కనపడింది. నిజమేనా? నిజమైతే లైవ్ అనే మాటకి అర్థం ఏముంది? నిజం చెప్పాలంటే మోసపోయినట్టు అనిపించింది.

నల్లరికార్డు
సోమవారం, రాత్రి 10:30

నిజమే తమ్ముడూ. నాకూ తెలిసిన రోజు మనసు చివుక్కుమంది. కానీ కథ మొత్తం విను.

1956 జులై 7, అర్ధరాత్రి కావొస్తోంది, జనం లేచి వెళ్లిపోవడం మొదలైంది. ఎల్లింగ్టన్ 1937లో రాసిన రెండు బ్లూస్ ముక్కల్ని కలిపి, మధ్యలో టెనర్ సాక్స్ పాల్ గొన్సాల్వెస్‌కి వదిలేశాడు. 12 బార్ల బ్లూస్‌ని ఆయన 27 సార్లు తిప్పాడు. ఒక ఆవిడ లేచి ఆడటం మొదలుపెట్టింది, తర్వాత జనమంతా లేచారు. వేదిక అంచున బేసీ పాత డ్రమ్మర్ జో జోన్స్ చుట్టిన పేపర్‌తో తాళం కొడుతున్నాడు. అప్పటికి ఎల్లింగ్టన్ పని అయిపోయిందనేవాళ్లు ఉన్నారు. ఆ ఆగస్టులో టైమ్ పత్రిక ముఖచిత్రం ఆయనదే.

గొన్సాల్వెస్ నిలబడింది మాత్రం కొలంబియా మైకు ముందు కాదు, వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకు ముందు. అందుకే ఎల్‌పీలో ఆయన దూరంగా, పల్చగా వినపడతాడు. పండగ కోసం కొత్తగా రాసిన సూట్ (వరసగా వాయించే ముక్కల కూర్పు) ఆ రాత్రి సరిగ్గా కుదరలేదని బ్యాండ్ తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించింది. ఎల్‌పీలో అదీ ఇదీ కలిపారు, చప్పట్లు చేర్చారు. చాలా ఏళ్లకి రేడియోవాళ్ల టేపు దొరికింది. 1999లో ఆ రెండు మోనో టేపుల్నీ పక్కపక్కన నడిపి స్టీరియో చేశారు. అప్పుడు గొన్సాల్వెస్ తన చోటికి తాను వచ్చాడు.

రెండూ పక్కపక్కన విను. పాతదాంట్లో జనం అలలు అలలుగా, ఎక్కడ కావాలంటే అక్కడ వస్తారు. కొత్తదాంట్లో జనం ఒక్కొక్క చుట్టుకీ కొంచెం కొంచెం పెరుగుతారు. ఏడో చుట్టు దగ్గర మామూలు సందడి, ఇరవై దాటేసరికి ఎల్లింగ్టన్ అరుపులు కూడా అందులో కలిసిపోతాయి. ఆ పెరగడాన్ని ఎవరూ స్టూడియోలో చేయలేరు.

పేరు చూసి కూడా నమ్మకూడదు. బేసీ ఆల్బమ్ ‘బేసీ ఇన్ లండన్’ రికార్డయింది స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో.

శబ్దశాల
మంగళవారం, ఉదయం 8:10

లైవ్ అన్నంత మాత్రాన హాల్లోనూ మంచి శబ్దం గ్యారంటీ లేదని నా అనుభవం చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక పెద్ద నగరంలో విదేశీ బిగ్ బ్యాండ్ వస్తే టికెట్ కొని వెళ్లాను. మంచి బ్యాండ్. కానీ మూడొందల మంది కూర్చునే హాల్లో ప్రతి ట్రంపెట్‌కీ మైకు పెట్టి పెద్ద స్పీకర్లలోకి పంపారు. బేస్ డ్రమ్ గుద్దులకి రిథమ్ గిటారు పూర్తిగా మునిగిపోయింది. విరామంలో సౌండ్ బల్ల దగ్గరికి వెళ్లి మర్యాదగా అడిగాను, వినలేదు. ఇంటికొచ్చి బేసీ బ్యాండ్ 1966లో లాస్ వేగాస్ శాండ్స్ హోటల్లో వాయించినది పెట్టుకున్నాను. ఆ రాత్రి నాకు నిజమైన కచేరీ అదే.

బేసీ గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ దాదాపు యాభై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాడు. యాంప్లిఫయర్ వాడేవాడు కాదు. బీటుకొక మీటు. ఆ గిటారు విడిగా చెవికి వినపడదు, ఆగిపోతే మాత్రం బ్యాండ్ కింద నేల జారిపోయినట్టు తెలుస్తుంది. ఒక హాలు గానీ, ఒక రికార్డింగ్ గానీ ఎలా ఉందో తేల్చుకోవడానికి నేను ముందు ఆ గిటారుకే చెవి పెడతాను.

మృదంగం_కాకినాడ
మంగళవారం, రాత్రి 9:25

నాకు స్వింగ్ కొత్త, మృదంగం పాత. మా నాన్నగారు నవమి పందిళ్లలో వాయించేవారు. ఆయన వాయించినవాటిలో మాకు మిగిలింది ఒకే ఒక్క క్యాసెట్. పందిట్లో ఎవరో పెట్టిన టేప్ రికార్డర్‌లో పట్టింది. తని (మృదంగం ఒక్కటే వాయించే భాగం) మధ్యలో టేపు తిరగేశారు, ముక్తాయింపు ముందు ఒక చుట్టు పోయింది. అయినా ముందు వరసలో ఎవరో పెద్దాయన ‘భలే’ అన్న చోటు ఉంది. నాన్నగారి చెయ్యి ఆ మాట తర్వాత మారింది. స్టూడియోలో ఆయన ఎంత శుభ్రంగా వాయించినా ఆ మార్పు నాకు దొరికేది కాదు.

మీ చర్చ చదివాక ఫార్గో విన్నాను. అందులోనూ కొన్ని పాటలు మధ్యలో మొదలవుతున్నాయి, కొన్ని మధ్యలో తెగిపోతున్నాయి. డిస్కు అయిపోవడమేనా కారణం?

నల్లరికార్డు
మంగళవారం, రాత్రి 10:02

అదేనండీ. 16 అంగుళాల డిస్కు, నిమిషానికి 33⅓ చుట్లు, ఒక వైపు పావుగంట వస్తుంది. మార్చుకునేలోపు బ్యాండ్ ఆగదు కదా. మీ నాన్నగారి క్యాసెట్ మాట చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. వీలైనంత త్వరగా దాన్ని డిజిటల్‌లోకి ఎక్కించండి, టేపు ఎక్కువ కాలం ఆగదు.

అసలు ఏ డిస్కూ తిరగని రాత్రులు ఎన్నో. 1942 ఆగస్టు 1 నుంచి అమెరికాలో వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. పెద్ద కంపెనీలు కొలంబియా, విక్టర్ ఒప్పందానికి వచ్చేసరికి 1944 నవంబర్. 1943లో ఎర్ల్ హైన్స్ బ్యాండ్‌లో సాక్స్ చార్లీ పార్కర్, ట్రంపెట్ డిజ్జీ గిలెస్పీ పక్కపక్కన కూర్చుని వాయించారు. ఆ బ్యాండ్ శబ్దం మనకి లేదు. అదే సమయంలో, 1943 జనవరి 23న, కార్నెగీలో ఎల్లింగ్టన్ తన పొడవైన రచన ‘బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్’ వాయించినప్పుడు ఎవరో డిస్కులు తిప్పారు కాబట్టి అది ఆ రాత్రి ఎలా ఉందో తెలుసు. శబ్దం అంత బాగుండదు. నేను ఏటా ఒకసారి వింటాను.

శబ్దశాల
మంగళవారం, రాత్రి 10:20

మృదంగం గారూ, ఆ క్యాసెట్ నాకు పంపితే నేను ఎక్కించి ఇస్తాను. డబ్బు ప్రస్తావన వద్దు. గరగర తుడవను, ఆ ‘భలే’ని అసలు ముట్టుకోను. మెసేజ్ పెట్టండి.

కృష్ణాతీరం
ఆదివారం, రాత్రి 9:50

వారం ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మీరందరూ చెప్పినవి చేశాకే రాద్దామనుకున్నాను.

ఒక స్పీకర్ తీసి పక్కన పెట్టాను. పక్కింటివాళ్లకి చెప్పాను. అక్క గారు చెప్పినట్టు ఫార్గో పెట్టి, జనం గొంతులు మనిషి సైజుకి వచ్చేదాకా వాల్యూమ్ పెంచి, లైటు ఆర్పి హాల్లో నిలబడ్డాను. వాన్‌గార్డ్‌లో తగిలినట్టు ఛాతీకి తగల్లేదు. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ అదురు రాలేదు, ఏ రికార్డింగ్‌లోనూ వస్తుందని ఇక అనుకోను.

కానీ బెన్ వెబ్‌స్టర్ ‘స్టార్‌డస్ట్’ మొదలుపెట్టాక ఇంకోటి జరిగింది. ఆయన ఊపిరి రీడ్ మీద పడటం వినపడింది. వెనకాల జనం సందడి అలాగే ఉంది, వాళ్లకి అది మామూలు గురువారం రాత్రి. వాన్‌గార్డ్‌లో నేను అంత దగ్గర కూర్చుని కూడా ఒక్కడి ఊపిరిని అలా పట్టుకోలేదు. అప్పుడు శబ్దానికే ఉక్కిరిబిక్కిరైపోయాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, ‘ఎవరొచ్చారండీ, అంతమంది మాట్లాడుతున్నారు?’ అని అడిగింది. ఎవరూ రాలేదని చెప్పి తననీ నిలబడమన్నాను. డిస్కు తెగిపోయినచోట ఇద్దరం కాసేపు అలాగే ఉన్నాం.

ఇప్పుడు న్యూపోర్ట్ 1999 వెర్షన్ తెప్పించుకుంటున్నాను. తమ్ముడూ, నువ్వు కూడా విను, ఏడో చుట్టు దగ్గర, ఇరవయ్యో చుట్టు దగ్గర ఏం విన్నావో ఇక్కడ రాయి.

టెనర్_తమ్ముడు
ఆదివారం, రాత్రి 10:14

రాస్తాను బాబాయ్ గారూ. ఇప్పుడే పద్నాలుగో చుట్టులో ఉన్నాను.